కాయిల్ కంటే ముందు బ్యాటరీ: నా వేప్ బెంచ్ డైరీ

పని ఏమిటంటే

బల్ల మీద మూడు వేప్ పరికరాలున్నాయి. కాయిల్ అనే తీగ చుట్టను బ్యాటరీతో వేడిచేసి, దూదిలోని ద్రవాన్ని ఆవిరిగా మార్చి పీల్చేవి. ఒకటి మెకానికల్ మాడ్ (మాడ్ అంటే బ్యాటరీ కూర్చునే భాగం). చిప్ లేదు, స్క్రీన్ లేదు, ఒట్టి ఇత్తడి గొట్టం, అడుగున బటన్. రెండోది ఒక్క 18650 బ్యాటరీతో (18 మి.మీ. మందం, 65 మి.మీ. పొడవున్న సెల్) నడిచే రెగ్యులేటెడ్ మాడ్, అంటే చిప్ వాట్లను అదుపు చేసేది, పెట్టె మీద 80 వాట్లని రాసుంది. మూడోది రెండు బ్యాటరీలది. పైన బిగించే ఆర్‌డీఏ (కాయిల్, దూది కూర్చునే భాగం) మాత్రం ఒక్కటే, మూడింటి మీదా అదే తిరుగుతుంది. ఏ కాయిల్ చుడితే ఏ పరికరానికి, ఏ బ్యాటరీకి సరిపోతుందో లెక్కగట్టి, కొలిచి చూసుకుని, ఆ అంకెలన్నీ ఒక చీటీ మీద రాసి డబ్బా మూతకు అంటించాలి.

ఈ పనిని చాలామంది తలకిందులుగా చేస్తారు. ముందు నచ్చిన కాయిల్ చుట్టుకుంటారు, తర్వాత దాన్ని ఉన్న మాడ్‌కు బిగిస్తారు, ఆఖరికి డ్రాయర్‌లో చేతికి తగిలిన బ్యాటరీ వేసేస్తారు. నేను బ్యాటరీ దగ్గర మొదలుపెడుతున్నాను. కాయిల్ కుదరకపోతే దూది మాడుతుంది, నోరు చేదవుతుంది, దమ్ము ఆపేసి మళ్లీ చుట్టుకోవచ్చు. బ్యాటరీ హద్దు దాటితే అంతటితో పోదు. 2018లో అమెరికాలోని ఫ్లోరిడాలో, 2019 జనవరిలో టెక్సస్‌లో వేప్ పరికరాలు పేలి మనుషుల ప్రాణాలే పోయాయి.

ఇంకో మాట. పొగ అలవాటు లేనివాళ్లు ఇది చదివి ఇందులోకి దిగాల్సిన అవసరం ఏమీ లేదు. ఇప్పటికే వాడుతూ, కాయిల్ స్వయంగా చుట్టుకునే పెద్దవాళ్ల కోసం రాస్తున్నాను.

శనివారం: బ్యాటరీల ఏరివేత

ఉన్న సెల్స్ అన్నీ బయట పెట్టాను. శాంసంగ్ 25ఆర్ రెండు, ఎల్‌జీ హెచ్‌జీ2 ఒకటి, శాంసంగ్ 30క్యూ రెండు, సోనీ వీటీసీ5ఏ ఒకటి. వీటితో పాటు ఎప్పుడో ఒక టార్చ్‌లైట్‌తో వచ్చిన పేరూ ఊరూ లేని సెల్ ఒకటి. దాని తొడుగు మీద 9900 ఎంఏహెచ్ అని రాసుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. 18650 సైజులో అంత కెపాసిటీ పట్టనే పట్టదు, మంచి కంపెనీ సెల్స్‌కే మామూలుగా 3500 దగ్గర ఆగిపోతుంది. తూకం వేస్తే 31 గ్రాములు తూగింది. 25ఆర్ 45 గ్రాముల దాకా ఉంది. ఆ టార్చ్ సెల్‌ని ఈ ప్రాజెక్టు నుంచి తీసేశాను, రీసైక్లింగ్ డబ్బాలోకి పోతుంది.

మిగిలినవాటికి నాకు కావాల్సిన అంకె ఒక్కటే: ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదు. 25ఆర్ 20, హెచ్‌జీ2 20, 30క్యూ 15, వీటీసీ5ఏ 25. ఎంఏహెచ్ ఎక్కువుంటే మంచి బ్యాటరీ అనుకోవడం మామూలే. కానీ ఒకే తరం సెల్స్‌లో కెపాసిటీ పెంచితే కరెంటు ఇచ్చే శక్తి తగ్గుతుంది. నా దగ్గరున్నవాటిలోనే చూడండి, 2600 ఎంఏహెచ్ వీటీసీ5ఏ 25 ఆంపియర్లు ఇస్తుంది, 3000 ఎంఏహెచ్ 30క్యూ 15 దగ్గరే ఆగుతుంది.

పల్స్ రేటింగ్ అని, అంటే కొద్ది సెకన్లపాటు మాత్రమే ఇవ్వగల కరెంటు అని, ఇంకో అంకె తిరుగుతూ ఉంటుంది. తొడుగు మార్చి, సొంత పేరు వేసి అమ్మే సెల్స్ మీద 40, 60 ఆంపియర్లని కనిపించేది అదే. ఎన్ని సెకన్ల పల్స్, మధ్యలో ఎంత విరామం, ఎంత వేడి దాకా అన్నదానికి అందరూ పాటించే కొలమానం లేదు. కాబట్టి ఆ అంకెలతో రెండు సెల్స్‌ని పోల్చలేం. వీటీసీ6కి 30 ఆంపియర్లని చెప్పుకుంటారు కదా, అది సెల్ 80 డిగ్రీలకు చేరగానే ఆపెయ్యాలన్న షరతు మీద ఇచ్చిన అంకె. ఆ షరతు లేకుండా చూస్తే 15. మనం పీల్చేది నాలుగైదు సెకన్లే కదా, పల్స్ అంకె చాలదా అని అడుగుతారు. పీల్చేటప్పుడు చాలు. బటన్ ఇరుక్కుపోయినప్పుడో, బ్యాగులో నొక్కుకుపోయినప్పుడో నాలుగైదు సెకన్లలో ఆగదు. అందుకే ఆగకుండా ఇచ్చే అంకెనే తీసుకుని, అందులోనూ నాలుగింట మూడొంతులే వాడుకోవాలని పెట్టుకున్నాను. అంటే 20 ఆంపియర్ల సెల్‌కి 15, 15 ఆంపియర్లదానికి 11 చిల్లర, 25 ఆంపియర్లదానికి 19కి కొంచెం తక్కువ.

హెచ్‌జీ2 తొడుగు పాజిటివ్ కొన దగ్గర కాస్త చిరిగి ఉంది. 18650లో పైనున్న చిన్న బొడిపె ఒక్కటే పాజిటివ్. చుట్టూ ఉన్న డబ్బా మొత్తం, పై అంచుతో సహా, నెగటివ్. ఆ రెంటికీ మధ్య ఉన్నది పల్చటి ప్లాస్టిక్ తొడుగు, ఒక కాగితపు రింగు, అంతే. పాత తొడుగు వలిచి, రింగు మార్చి, కొత్త తొడుగు వేసి హీట్ గన్‌తో దూరం నుంచి బిగుతు చేశాను. సెల్ వేడెక్కకూడదు, అందుకని గన్‌ని ఒకేచోట నిలపకుండా తిప్పుతూ ఉండాలి.

ఆదివారం: కాగితం మీద కాయిల్

మెకానికల్ మాడ్ లెక్క చాలా సులువు. వోల్టేజీని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు వస్తుంది. వోల్టేజీ ఎప్పుడూ 4.2 అనే వేసుకోవాలి, నిండా ఛార్జ్ అయిన సెల్ అది. బ్యాటరీ మీద 3.7 అని అచ్చు వేసి ఉంటుంది కాబట్టి దాంతో లెక్కగట్టేవాళ్లున్నారు. ఛార్జర్ నుంచి తీసిన మొదటి దమ్ముకి ఆ లెక్క పనికిరాదు.

20 ఆంపియర్ల సెల్ నుంచి నేను తీసుకుంటానన్నది 15. 4.2ను 15తో భాగిస్తే 0.28 ఓమ్‌లు. అంతకంటే తక్కువ కాయిల్ ఈ గొట్టం మీదికి రాకూడదు. 30క్యూకి ఇదే లెక్క వేస్తే 0.37 దాకా వస్తుంది, చీటీ మీద 0.4 అని రాస్తాను. వీటీసీ5ఏకి 0.22 చాలు. కానీ నాలుగు రకాల సెల్స్ కలిసిపోయే డ్రాయర్‌లో అన్నిటికంటే ధైర్యమైన అంకెను నమ్ముకోకూడదు.

ఇప్పుడు తీగ. నా దగ్గర 24 గేజ్ కాంథాల్ ఏ1 (వేడి తీగలకు వాడే లోహ మిశ్రమం) ఉంది, మందం 0.511 మి.మీ. కాంథాల్ ఏ1 రెసిస్టివిటీ 1.45. తీగ అడ్డుకోత వైశాల్యం 0.205 చదరపు మి.మీ. భాగిస్తే మీటరుకు దాదాపు 7.1 ఓమ్‌లు. 3 మి.మీ. కడ్డీ మీద చుడితే ఒక్కో చుట్టుకు సుమారు 11 మి.మీ. తీగ పడుతుంది. చుట్టు కొలతను కడ్డీ అంచు నుంచి కాకుండా తీగ మధ్య గీత నుంచి తీసుకోవాలి, అందుకే 3కి బదులు 3.51 వేసుకోవాలి. ఆరు చుట్లు, కాళ్లకు మరో 10 మి.మీ. కలిపితే 76 మి.మీ., 0.54 ఓమ్. ఆర్‌డీఏలో ఇలాంటివి రెండు పక్కపక్కన కూర్చుంటాయి, పారలల్ కాబట్టి సగం, 0.27. కరెంటు 15.6 ఆంపియర్లు. నేను గీసుకున్న గీత 0.28. దాటింది కొంచెమే అయినా దాటినట్టే. ఇంకో చుట్టు పెంచితే ఒక్కోటి 0.62, రెండూ కలిసి 0.31. కరెంటు 13.5 ఆంపియర్లు, కాగితం మీద 57 వాట్లు. ఏడు చుట్లకే ఖాయం చేశాను.

ఇదే కొలతలకు నైక్రోమ్ 80 అనే మరో మిశ్రమం వాడితే రెసిస్టెన్స్ నాలుగో వంతు తగ్గుతుంది, దాని రెసిస్టివిటీ 1.1కి దగ్గర. ఎస్‌ఎస్ 316ఎల్ (స్టెయిన్‌లెస్ స్టీల్) అయితే సగమే. అందుకని 'ఏడు చుట్ల కాయిల్' అన్న మాట ఒక్కటే వింటే ఏమీ తేలదు. ఏ తీగ, ఎంత మందం, ఎంత కడ్డీ అన్నీ చెప్పాలి. ఎవరో చెప్పిన చుట్ల లెక్క విని వేరే తీగతో చుడితే, అదే ఆకారంలో కనిపించే కాయిల్ రెట్టింపు కరెంటు లాగుతుంది.

రెసిస్టెన్స్ కుదిరినంత మాత్రాన కాయిల్ మంచిదని కాదు, ఆ వాట్లు ఎంత ఉపరితలం మీద పరుచుకుంటున్నాయన్నది కూడా చూడాలి. రెండు కాయిల్స్‌లో చుట్టిన తీగ ఉపరితలం కలిపి దాదాపు 248 చదరపు మి.మీ. 45 వాట్లు పంపితే చదరపు మి.మీ.కు 180 మిల్లీవాట్లు. నాకు 150 నుంచి 250 మధ్య బాగుంటుంది. దానికంటే కింద అయితే ఆవిరి బద్ధకంగా వస్తుంది, బాగా పైకి పోతే దూది తడి అందించలేక కాలుతుంది. తడి అందని చోట ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ విడిపోయి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివి పుడతాయి. గొంతులో గీరుకుపోయే ఆ మాడు రుచి వస్తే ఆపెయ్యడమే, మరో దమ్ముతో పోతుందేమోనని చూడటం తెలివితక్కువ.

మధ్యలో ఫ్రెండ్ ఒకడు వచ్చి లెక్కల కాగితం తిరగేశాడు.

"ఇన్ని లెక్కలెందుకు మామా, 0.15 వేసెయ్. పొగ గది నిండిపోద్ది."

"28 ఆంపియర్లు అవుతుందిరా. అంత ఇచ్చే సెల్ ఇక్కడ ఒక్కటీ లేదు."

"నా మాడ్‌లో 0.15 రోజూ కొడుతున్నా, ఏం కాలేదుగా?"

వాడిది రెండు బ్యాటరీల రెగ్యులేటెడ్ మాడ్. అందులో 0.15 కాయిల్ వేసినా బ్యాటరీ మీద పడే భారం వేరే లెక్క. వాడు చెప్పింది నిజమే, కానీ ఈ గొట్టానికి వర్తించదు. ఆ తేడా వాడికి నోటితో చెప్పడం కన్నా మీటర్ మీద చూపించడం మేలనిపించింది, ఆ పని కింద ఉంది.

సోమవారం రాత్రి: రెసిస్టెన్స్ కొలవడం

కాయిల్స్ చుట్టి ఆర్‌డీఏలో బిగించాను. మామూలు మల్టీమీటర్‌తో కొలిస్తే 0.5 చూపించింది. రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తాకించి చూస్తే 0.2. అంటే తీగలూ, కొనలూ కలిపి కొలతలో సగానికి దగ్గరగా అవే తింటున్నాయి. తీసివేస్తే 0.3 అని తేలుతుంది, కానీ ప్రోబ్ కొంచెం గట్టిగా నొక్కితే ఒక అంకె, వదులుగా పెడితే ఇంకొకటి. 0.28 గీత దగ్గర పని చేస్తూ 0.1 అటూ ఇటూ అయ్యే మీటర్‌ని నమ్మడం గుడ్డిగా నడవడమే.

అందుకని నాలుగు తీగల పద్ధతి పెట్టాను. ఆర్‌డీఏ మరలను బిగించే, 510 అని పిలిచే పాత సాకెట్‌ని చెక్క ముక్కలో బిగించి, దానికి రెండు లావు తీగలు, రెండు సన్న తీగలు టంకం వేశాను. లావు తీగలకు బెంచ్ సప్లై నుంచి స్థిరంగా 1 ఆంపియర్ పంపాలి. సన్న తీగలతో సాకెట్ దగ్గరే వోల్టేజీ కొలవాలి. సన్న తీగల్లో కరెంటు దాదాపు పారదు కాబట్టి వాటి రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. 1 ఆంపియరే కాబట్టి ఎన్ని మిల్లీవోల్టులు కనిపిస్తే అన్ని మిల్లీఓమ్‌లు. మీటర్ 309 చూపించింది. 0.309 ఓమ్, కాగితం మీద లెక్కకు దగ్గరే. రెగ్యులేటెడ్ మాడ్ స్క్రీన్ మీద 0.31. కొనుక్కునే ఓమ్ మీటర్ ఉన్నా ఇదే పని జరుగుతుంది, నాకు ఇది కట్టుకోవడంలో సరదా ఉంది.

ఆర్‌డీఏని చేత్తో కాస్త కదిపితే 309 కాస్తా 340 దాకా ఎగిరి మళ్లీ దిగింది. పోస్ట్ స్క్రూ ఒకటి వదులు. బిగించాక కదిలినా అంకె కదల్లేదు. ఈ కదిపి చూసే పని నాకు కొలత కంటే ముఖ్యమనిపిస్తుంది. కాళ్లను మరీ పొడవుగా వదిలినా, తెంపిన కొన ఆర్‌డీఏ గోడకో టాప్ క్యాప్‌కో తగిలినా, క్యాప్ పెట్టకముందు ఒక అంకె, పెట్టాక ఇంకో అంకె వస్తుంది. కాబట్టి క్యాప్ పెట్టి మళ్లీ కొలిచాను, 309. మెకానికల్ మాడ్‌లో ఆ షార్ట్‌ని పట్టుకునే చిప్ లేదు, అది మన కంటికే పడాలి.

హాట్ స్పాట్‌లు (కాయిల్‌లో మిగతావాటికంటే ముందు ఎర్రబడే చోట్లు) తీయడం మామూలే: రెగ్యులేటెడ్ మాడ్ మీద 15 వాట్లలో చిన్న చిన్న పల్స్‌లు, సిరామిక్ పటకారుతో చుట్లు దగ్గరికి నొక్కడం, మధ్య నుంచి అంచులకు రెండు కాయిల్స్ సమంగా ఎర్రబడేదాకా. పొడి కాయిల్‌ని ఎప్పుడూ మెకానికల్ మీద ఎర్రబెట్టను, అక్కడ తగ్గించుకునే మీట ఏదీ లేదు.

బుధవారం: గొట్టం మీద

ముందు 510 పిన్. ఈ గొట్టం హైబ్రిడ్ రకం, అంటే మధ్యలో వేరే కాంటాక్ట్ లేదు, ఆర్‌డీఏ అడుగున ఉన్న పిన్ నేరుగా బ్యాటరీ పాజిటివ్ మీద కూర్చుంటుంది. ఆ పిన్ చుట్టూ ఉన్న మరల భాగం నెగటివ్. పిన్ బయటికి పొడుచుకుని లేకపోతే మరల అంచే బ్యాటరీ పాజిటివ్‌ను తాకుతుంది. అప్పుడు కాయిల్ ఎన్ని ఓమ్‌లున్నా లాభం లేదు, కరెంటు కాయిల్ దాకా రానే రాదు, డెడ్ షార్ట్. నా ఆర్‌డీఏ పిన్ ఒక మిల్లీమీటరుకు పైగా బయటికి ఉంది, ఇన్సులేటర్ గట్టిగా ఉంది. కొన్ని ట్యాంకుల పిన్ స్ప్రింగుతో లోపలికి నొక్కుకుపోతుంది, అలాంటివి హైబ్రిడ్ మీద వాడకూడదు. చీటీలో మొదటి వాక్యం ఇదే అవుతుంది.

అడుగున గ్యాస్ పోయే రంధ్రాలు ఉన్నాయా, దుమ్ముతో మూసుకుపోయాయా అని చూశాను. సెల్ విఫలమైతే లోపలి గ్యాస్ ఎటో ఒకవైపు పోవాలి. రంధ్రం లేని గొట్టంలో అది పైప్ బాంబే. బటన్ లాక్ రింగు కూడా తిప్పి చూశాను, పట్టుకుంటోంది.

ఇప్పుడు నిండా ఛార్జ్ చేసిన 25ఆర్, తడిపిన దూది, బటన్ నొక్కి పోస్ట్‌ల దగ్గర వోల్టేజీ. 3.72 వచ్చింది. 4.2 అనుకున్నది 3.72 అయిందంటే దాదాపు అర వోల్టు దారిలో పోయింది. 0.309తో భాగిస్తే నిజంగా పారుతున్న కరెంటు 12 ఆంపియర్లు, కాయిల్ దగ్గర పుట్టేది 45 వాట్ల లోపు. కాగితం మీద 57 కదా! సెల్ కొనల దగ్గర కూడా ఒక జత సన్న తీగలు లోపలికి దూర్చి కొలిస్తే లెక్క విడిపోయింది. సెల్ తన లోపలి రెసిస్టెన్స్ వల్ల 0.33 వోల్టులు కోల్పోతోంది, మిగిలిన 0.15 గొట్టం మరల్లో, బటన్ కాంటాక్ట్‌లో పోతోంది. 12 ఆంపియర్ల దగ్గర 0.15 వోల్టులంటే 1.8 వాట్లు. అవి ఎక్కడికీ పోవు, బటన్‌ని వేడి చేస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరలు, కాంటాక్ట్‌లు తుడిచి మళ్లీ కొలిస్తే 0.15 కాస్తా 0.06కి దిగింది. బటన్ వెచ్చబడటం పోయింది. నాలుగు దమ్ములకే బటన్ చురుక్కుమంటుంటే కాయిల్ మార్చే ముందు శుభ్రం చేసి చూడాలి. స్ప్రింగు బటన్ అయితే ఇంకా జాగ్రత్త, వేడికి స్ప్రింగు మెత్తబడి వెనక్కి రాకపోతే బటన్ నొక్కినట్టే ఉండిపోతుంది.

నిజంగా పారేది 12 ఆంపియర్లే కదా, మరి 0.25 కాయిల్ పెట్టుకోవచ్చు కదా అని నాకూ ఆశ పుట్టింది. పెట్టను. ఆ అర వోల్టులో పెద్ద భాగం సెల్ తనలో తాను వేడెక్కడానికి ఖర్చవుతున్నదే. అది మిగులు కాదు, భారం.

వారాంతం: చిప్ ఉన్నచోట లెక్క తిరగబడుతుంది

ఫ్రెండ్‌ని మళ్లీ పిలిచాను. ఈసారి 80 వాట్ల మాడ్. బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో చూడాలంటే మధ్యలో మీటర్ పెట్టాలి, సెల్ లోపల ఉంటే కుదరదు. అందుకని 18650 సైజులో చెక్క కడ్డీ కోసి, రెండు కొనలకు రాగి బిళ్లలు, వాటి నుంచి లావు తీగలు బయటికి తీశాను. డమ్మీ సెల్ అన్నమాట. దానికి 30 ఆంపియర్ల బెంచ్ సప్లై. వోల్టేజీ సప్లై డయల్ మీద కాకుండా డమ్మీ కొనల దగ్గర కొలిచి సరిచేసుకున్నాను, అన్ని ఆంపియర్ల దగ్గర తీగలోనే చాలా పోతుంది. నిండు సెల్‌లా 4.1 వోల్టులు పెట్టి, మాడ్‌ని 45 వాట్లకు సెట్ చేసి, అదే 0.31 కాయిల్ మీద ఫైర్ చేశాం. సప్లై నుంచి 12 ఆంపియర్లు.

తర్వాత కాయిల్ తీసేసి, హీట్ సింక్ మీద బిగించిన 0.6 ఓమ్ పవర్ రెసిస్టర్ తగిలించాం. అదే 45 వాట్లు. సప్లై మీద 12.2. రెసిస్టెన్స్ దాదాపు రెట్టింపైనా బ్యాటరీ వైపు కరెంటు కదల్లేదు. ఎందుకంటే మధ్యలో చిప్ ఉంది. 0.31 అయితే అది 3.7 వోల్టులకు దించి ఇస్తుంది, 0.6 అయితే 5.2కి పెంచి ఇస్తుంది. దానికి కావాల్సింది వాట్లు. ఆ వాట్లకు సరిపడా కరెంటును, తను వృథా చేసే పదో వంతు కలుపుకుని, బ్యాటరీ నుంచి లాగుతుంది.

అసలు చూడాల్సింది ఆ తర్వాత. వాట్లు 45 దగ్గరే ఉంచి, సప్లైని అయిపోవచ్చిన సెల్‌లా 3.3కి దించాను. కరెంటు 12 నుంచి 15కి ఎక్కింది.

"ఛార్జ్ అయిపోయేకొద్దీ ఎక్కువ లాగుతోందేంట్రా?" అని వాడే అడిగాడు.

మెకానికల్ మాడ్‌లో సెల్ నిండుగా ఉన్నప్పుడే కరెంటు ఎక్కువ, తర్వాత దానంతట అదే తగ్గుతూ పోతుంది. రెగ్యులేటెడ్‌లో సెల్ ఖాళీ అయ్యేకొద్దీ కరెంటు పెరుగుతుంది. వాట్లు అంతే ఉండాలి, వోల్టేజీ తగ్గింది, కాబట్టి ఆంపియర్లు పెరగక తప్పదు. అందుకని ఇక్కడ లెక్క 4.2తో వెయ్యకూడదు, మాడ్ ఏ వోల్టేజీ దగ్గర ఆగిపోతుందో దాంతో వెయ్యాలి. ఈ మాడ్ 3.2 దగ్గర ఆగుతుంది. 20 ఆంపియర్ల సెల్, 3.2 వోల్టులు, చిప్ సామర్థ్యం నూటికి తొంభై అనుకుంటే 57 వాట్లు. 30క్యూ వేస్తే 43. పెట్టె మీద 80! ఆ 80 నిజంగా లాగితే ఆఖరి దమ్ముల్లో 27 ఆంపియర్లు దాటుతుంది. మాడ్ చెయ్యగలదు, నా దగ్గరున్న ఏ సెల్‌కీ అంత శక్తి లేదు. పరికరం హద్దూ బ్యాటరీ హద్దూ ఒకటి కాదు, రెంటిలో చిన్నదే మన హద్దు.

మరి కాయిల్ రెసిస్టెన్స్‌కి ఇక్కడ విలువ లేదా అంటే ఉంది, చిప్ వైపు. మాన్యువల్లో మూడు అంకెలున్నాయి: కనీసం 0.1 ఓమ్, గరిష్ఠంగా 25 ఆంపియర్లు, 7.5 వోల్టులు, అన్నీ కాయిల్ వైపు. 0.1 కాయిల్ వేస్తే 25 ఆంపియర్ల దగ్గర 62.5 వాట్లకే ఆగిపోతుంది. 1.2 కాయిల్ వేస్తే 7.5 వోల్టుల దగ్గర 47 వాట్లకే. 80 వాట్లూ రావాలంటే కాయిల్ 0.13 నుంచి 0.7 మధ్య ఉండాలి. స్క్రీన్ మీద 80 పెట్టినా దమ్ము తేలిగ్గా ఉందని చాలామంది మాడ్‌ని తిడతారు, చాలాసార్లు కాయిల్ ఈ కిటికీకి బయట ఉంటుంది. బైపాస్ మోడ్ పెడితే మాత్రం చిప్ పక్కకు తప్పుకుంటుంది, షార్ట్ కాపలా తప్ప. అప్పుడు మళ్లీ గొట్టం లెక్కే, 4.2ను రెసిస్టెన్స్‌తో భాగించడమే.

రెండు కాయిల్స్‌లో ఒకదాని కాలు ఊడితే ఏమవుతుందో కూడా చూద్దామని ఒక స్క్రూ వదిలేశాం. గొట్టం మీద మిగిలిన కాయిల్‌కి ముందున్న వోల్టేజీయే, ఇంకా సెల్ మీద భారం తగ్గింది కాబట్టి కాస్త ఎక్కువ, దాని వంతు వాట్లు పెద్దగా మారవు. ఆవిరి సగమై తెలిసిపోతుంది. రెగ్యులేటెడ్‌లో చిప్ పట్టువదలకుండా 45 వాట్లూ ఆ ఒక్క కాయిల్‌లోకే తోస్తుంది, చదరపు మి.మీ.కు 360 మిల్లీవాట్లు. ఒక్క దమ్ముకే దూది గోధుమరంగుకు తిరిగింది. చిప్ ఉంటే అన్నీ అదే చూసుకుంటుందన్న నమ్మకం ఇక్కడ ఎదురుతన్నింది. స్క్రీన్ మీద 0.31 ఉండాల్సిన చోట 0.62 కనిపిస్తోంది, కానీ ఎవరు చూస్తారు దమ్ముకి ముందు?

రెండు బ్యాటరీల మాడ్

ఇక్కడ కొత్తగా పెద్దగా లేదు. రెండు సెల్స్ సీరీస్‌లో ఉన్నాయి, వాట్లు ఇద్దరికీ సగం సగం పడతాయి. 20 ఆంపియర్ల జతతో 115 వాట్ల దాకా లెక్క తేలుతుంది, నాలుగింట మూడొంతుల లెక్కన నేను 86 దాటను. 25ఆర్ రెంటికీ 'ఏ' అని, 30క్యూ రెంటికీ 'బీ' అని పెన్నుతో రాసి జతలు చేశాను. కలిసే ఛార్జింగ్, కలిసే వాడకం. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే పాతది ముందుగా ఖాళీ అయి మరీ కిందికి లాగబడుతుంది.

సీరీస్‌లో నడిచే మెకానికల్ మాడ్ ఒకటి కొందామా అని ఫ్రెండ్ అడిగాడు. 8.4 వోల్టులు. నా 0.31 కాయిల్ అక్కడ 27 ఆంపియర్లు లాగుతుంది, రెండు సెల్స్‌లోనూ అదే కరెంటు పారుతుంది, పంచుకోవడం ఉండదు. నా హద్దుకి 0.56 కంటే తక్కువ కాయిల్ దాని మీద పెట్టకూడదు. పారలల్ అయితే 4.2 వోల్టులే, కరెంటు ఇద్దరూ పంచుకుంటారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉండే గొట్టాలు. వద్దన్నాను.

చీటీ

డబ్బా మూత మీద అంటించినది ఇది:

గొట్టం: పిన్ బయటికి ఉందా చూడు. 25ఆర్, హెచ్‌జీ2, వీటీసీ5ఏతో 0.3 నుంచి పైకి. 30క్యూ అయితే 0.4 నుంచి పైకి. క్యాప్ పెట్టాక కొలువు.

ఒక బ్యాటరీ మాడ్: 25ఆర్, హెచ్‌జీ2తో 43 వాట్లు దాటకు. 30క్యూతో 32. కాయిల్ 0.13 నుంచి 0.7.

రెండు బ్యాటరీల మాడ్: ఏ జతతో 86 వాట్లు, బీ జతతో 64.

విడి సెల్స్‌కు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చాను. జేబులో తాళాలు, చిల్లరతో కలిసి షార్ట్ అయ్యే ప్రమాదం గురించి అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2021లో విడి 18650 సెల్స్ మీద హెచ్చరిక కూడా ఇచ్చింది.

మిగిలింది ఎస్‌ఎస్ 316ఎల్ తీగ, టెంపరేచర్ కంట్రోల్. కాంథాల్ రెసిస్టెన్స్ వేడికి దాదాపు మారదు, కాబట్టి దాంతో మాడ్‌కి కాయిల్ వేడి తెలియదు. ఎస్‌ఎస్ అయితే గది వేడి దగ్గర 0.30 ఉన్నది 230 డిగ్రీల దగ్గర 0.36కి దగ్గరవుతుంది, మాడ్ ఆ ఆరు పాయింట్ల తేడానే చదువుకుని వాట్లు తగ్గిస్తుంది. అంత చిన్న తేడాకి వదులు స్క్రూ ఒక్కటి చాలు మొత్తం చెడగొట్టడానికి. అందుకని ముందు పోస్ట్ స్క్రూలు నాలుగూ కొత్తవి వేస్తున్నాను, పాతవాటి తలలు అరిగిపోయాయి.